వాడిన పెనం, దాచిన పళ్లెం

శుక్రవారం పొద్దున మా ఒహాయో ఊళ్లలో కూడళ్ల దగ్గర గడ్డిలో గుచ్చిన చిన్న బోర్డులు కనిపిస్తాయి. 'ఎస్టేట్ సేల్' అని రాసి, కింద ఒక బాణం గుర్తు ఉంటుంది. బాణాల వెంట పోతే ఒక ఇల్లు వస్తుంది. రోడ్డు పొడుగునా కార్లు, గుమ్మం ముందు మనుషుల వరస. ఆ ఇంటి పెద్దావిడ పోయి ఉంటుంది, లేదా ఒంటరిగా ఉండలేక వృద్ధుల వసతికి మారి ఉంటుంది. పిల్లలు ఏ టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉంటారు. వచ్చి, కావలసినవి నాలుగు తీసుకుని, మిగతా ఇల్లంతా ఒక కంపెనీకి అప్పగించి వెళ్తారు. కంపెనీవాళ్లు బీరువాలన్నీ ఖాళీ చేసి, బల్లల మీద పరిచి, గరిటె మొదలుకొని మంచం దాకా ప్రతిదానికీ ధర చీటీ అంటించి, రెండు మూడు రోజులు తలుపులు బార్లా తెరిచి పెడతారు. అమ్మిన సొమ్ములో మూడో వంతు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ, వాళ్ల కమిషన్.

గరాజ్ సేల్ వేరు, ఇది వేరు. అక్కడ ఇంటివాళ్లు తమకు అక్కర్లేనివి ఏరి బయట పెడతారు. ఇక్కడ ఏరిపెట్టే మనిషి లేదు. సగం వాడిన వెనిగర్ సీసా, క్రిస్మస్ దీపాల చిక్కుముడి, బొత్తాల డబ్బా, తాళం ఏదో తెలియని తాళంచెవుల గుత్తి... ఒక మనిషి యాభై అరవై ఏళ్లలో లోపలికి తెచ్చుకుని బయటికి పంపని ప్రతిదీ అక్కడే ఉంటుంది. చవగ్గా దొరుకుతాయని మొదట్లో వెళ్లేవాణ్ని. ఇప్పుడు చాలావరకు చూడ్డానికే వెళ్తాను. ఏది అరిగింది, ఏది అట్టపెట్టె దాటకుండా ఉండిపోయింది అన్నది అంత తేటగా చూపించే చోటు ఇంకొకటి నాకు తెలియదు.

మనవాళ్లలో చాలామంది రారు. "పోయినవాళ్ల సామాను మనకెందుకండీ?" అంటారు. మా ఇంట్లోనూ ఈ మాట వినిపించింది. దాన్ని ఉత్త చాదస్తమని కొట్టిపారెయ్యలేను. పోయినవాళ్ల వస్తువులు ఎటు వెళ్లాలో మన పెద్దలు ఆలోచించి పెట్టారు. శయ్యాదానమని మంచం, పరుపు, గొడుగు, చెప్పులు, చెంబు ఇచ్చేస్తాం. కట్టుకున్న బట్టలు ఎవరికో ఇచ్చేస్తాం. ఆ మనిషి ఒంటిని అంటి ఉన్నవి గడప దాటిపోవాలి. అయితే అదే ఇంట్లో నాయనమ్మ కాసులపేరును ఎవరూ దానం చెయ్యరు. ఆవిడ పట్టుచీర మనవరాలి పెళ్లికి బయటికి వస్తుంది. ఆవిడ పచ్చళ్ల జాడీ కోసం కోడళ్ల మధ్య మాటామాటా పెరిగిన ఇళ్లు కూడా ఉన్నాయి. అంటే పట్టింపు పోయినవాళ్ల గురించి కాదు. ఆ వస్తువు ఒంటికి ఎంత దగ్గర అన్నదాని గురించి, కొంత దాని ఖరీదు గురించి. నేనూ ఆ లెక్కనే పాటిస్తాను. ఇనుము, గాజు, కర్ర, కాగితం తెచ్చుకుంటాను. పరుపులు, దిళ్లు, బొచ్చు తివాచీలు ముట్టుకోను. దీనికి శాస్త్రంతో పాటు నల్లులు కూడా కారణం. గుడ్డ తొడిగిన కుర్చీ ఏదైనా మరీ నచ్చేస్తే, కుట్ల మడతల్లో నల్లటి చుక్కలున్నాయేమో సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తాను. చుక్కలుంటే అది ఊరికే ఇచ్చినా ఖరీదే.

ఇన్ని ఇళ్లు తిరిగాక నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే. వాడినవి తెచ్చుకోవాలి, దాచినవి వదిలెయ్యాలి. పాత సామాను వెతికేవాళ్లు సాధారణంగా దీనికి ఎదురుగా నడుస్తారు. ముట్టుకోని దాన్ని, పెట్టెలో ఉన్న దాన్ని, గీత పడని దాన్ని చూసి సంబరపడతారు. నేను ముందు గీతలున్నవాటి దగ్గరికి వెళ్తాను.

దాచినవాటి సంగతి ముందు చెప్పాలి, అది కొంచెం పెద్ద కథ. ఇక్కడి ప్రతి నాలుగో ఐదో ఇంట్లో ఒక గాజు బీరువా, అందులో హమ్మెల్ బొమ్మలు కనిపిస్తాయి. బుగ్గలు ఉబ్బిన పిల్లలు, చేతిలో గొడుగో బుట్టో. మరియా ఇన్నోసెంషియా హమ్మెల్ అనే జర్మన్ సన్యాసిని గీసిన బొమ్మల్ని గోబెల్ అనే కంపెనీ 1935 నుంచి పింగాణీలో పోతపోసి అమ్మింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో ఉన్న అమెరికన్ సైనికులు వాటిని ఇంటికి పంపారు. తర్వాత రెండు మూడు తరాలు వాటిని పోగుచేశాయి. అడుగున ముద్ర ఏ కాలంది, ఏ ముద్రకు ఎంత ధర అని చెప్పే పుస్తకాలు ఏటేటా వచ్చేవి. ఇవి పిల్లల కాలేజీ చదువుకు పనికొస్తాయని నమ్మినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు అవే బొమ్మలు ఆఖరి రోజున ఒక పళ్లెం నిండా పోసి, ఏది తీసుకున్నా ఇంత అని పెడితే కూడా కదలవు. వాటి పక్కన బంగారు అంచు పింగాణీ సెట్టు, పన్నెండు మందికి. పెళ్లికి వచ్చి ఉంటుంది. ఆ బంగారు అంచు మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి, డిష్‌వాషర్‌లో పెడితే మాసిపోతుంది. ఇక ఈ తరం పిల్లలు వాటిని ఏం చేసుకుంటారు?

మా రాష్ట్రంలో దీనికి ఒక పెద్ద గుర్తే నిలబడి ఉంది. లాంగబర్గర్ అని మేపుల్ కర్ర బద్దలతో చేత్తో అల్లిన బుట్టల కంపెనీ ఉండేది. అల్లినవాళ్లు అడుగున సంతకం చేసేవారు. ఇళ్లలో ఆడవాళ్లు పార్టీలు పెట్టుకుని ఒకరికొకరు అమ్ముకునేవారు. నువార్క్ అనే ఊళ్లో 1997లో ఆ కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని అచ్చం బుట్ట ఆకారంలోనే కట్టుకుంది. ఏడంతస్తుల బుట్ట, పైన రెండు పిడులతో సహా. కంపెనీ 2018లో మూతపడింది, బుట్ట భవనం మిగిలింది. ఇప్పుడు ఏ సేల్‌కు వెళ్లినా బేస్‌మెంట్‌లో ఈ బుట్టలు వరసగా ఉంటాయి. చాలావాటిలో లోపల వేసిన గుడ్డ కూడా నలగలేదు. ఎప్పుడో ఒక రోడ్డు ప్రయాణానికి పళ్లు పెట్టుకుని వెళ్లి, హ్యాండిల్ నల్లబడ్డ బుట్ట ఒకటి ఆ వరసలో ఉంటే నేను దాన్నే తీస్తాను. అల్లిక మంచిది; పాపం, బుట్ట చేసిన తప్పేమీ లేదు.

నవ్వుకోవడానికి ఇది చెప్పడం లేదు. రిమోట్ మీద ప్లాస్టిక్ కవరు తియ్యని జాతి మనది. కారు సీట్లకు షోరూమ్‌లో వేసిన పాలిథీన్ చినిగి వేలాడే దాకా ఉంచుతాం. మంచి గ్లాసులు చుట్టాలకు, మనకు మాత్రం అంచు నొక్కులు పోయిన స్టీలు గ్లాసు. వెండి కంచం బీరువాలో, మనం తినేది ఇంకోదాన్లో. షోకేసు అనే గాజు బీరువా లేని మధ్యతరగతి తెలుగు ఇల్లు ఒక కాలంలో ఉండేదా? అందులో కొండపల్లి బొమ్మలు, ఎవరో సింగపూర్ నుంచి తెచ్చిన టీ సెట్టు, పిల్లాడు గెలుచుకొచ్చిన కప్పులు. మంచిరోజు కోసం ఉంచడంలో ఒక ఆశ ఉంది, దాన్ని తప్పుపట్టడానికి మనసొప్పదు. లేమిలో పెరిగినవాళ్లకు ఉన్నదాన్ని ఉంచుకోవడమే ఒక ధైర్యం. కానీ ఈ ఇళ్లలో తిరుగుతుంటే, ఉంచిన ఆ మంచిరోజు రాకుండానే ఇల్లు అమ్మకానికి వచ్చిందని ధర చీటీలే చెబుతుంటాయి. చెక్కుచెదరని పన్నెండు ప్లేట్లు 20 డాలర్లకు. వంటింట్లో రోజూ కాలిన పాత ఇనప పెనం ఒక్కటే 60.

పెనం దగ్గర కాసేపు ఆగుతాను, ఇది నాకు ఇష్టమైన సంగతి. పోత ఇనుముతో చేసిన అమెరికన్ పెనాల్లో పాతవాటికి మంచి పేరుంది. పెన్సిల్వేనియాలోని ఈరీ పట్టణంలో గ్రిస్వల్డ్ కంపెనీ చేసింది, 1957లో మూతపడింది. మా ఒహాయోలోనే సిడ్నీ అనే ఊళ్లో వాగ్నర్ వాళ్లు 1891 నుంచి పోతపోశారు. టెనసీలో 1896లో మొదలైన లాడ్జ్ ఇప్పటికీ చేస్తోంది. పాత గ్రిస్వల్డ్, వాగ్నర్ పెనాలు పల్చగా, తేలిగ్గా ఉంటాయి. లోపలి ముఖాన్ని అప్పట్లో సాన పట్టి నున్నగా చేసేవారు. దాని మీద ఒక తరం కోడిగుడ్లూ పాన్‌కేకులూ కాల్చి ఉంటుంది. తెచ్చి కడిగి నాలుగు రోజులు నూనె పట్టిస్తే మన అట్టు కూడా అంచుల దగ్గర తనంతట తనే లేచి వస్తుంది. గుండ్రంగా, అంచు ఎత్తు లేకుండా ఉండే గ్రిడిల్ దొరికితే ఇంక అట్లపెనం కోసం వేరే చోట వెతకనక్కర్లేదు.

కొనేటప్పుడు చూడవలసినవి కొన్నున్నాయి. తుప్పును చూసి భయపడొద్దు, అది గీకితే పోతుంది. బీటకు భయపడాలి. పెనాన్ని పిడి పట్టుకుని వేలాడదీసి వేలి కణుపుతో కొడితే గంటలా మోగాలి. చచ్చు శబ్దం వస్తే ఎక్కడో సన్నని బీట ఉంది. వంటింటి గట్టు మీద బోర్లించకుండా పెట్టి అంచు మీద వేలితో నొక్కండి. గిర్రున తిరిగితే అడుగు ఉబ్బింది, గాజు పొయ్యి మీద నిలవదు. ఇంకొకటి చాలామందికి తెలియదు. చేపల గాలాలకు బరువులు, తుపాకీ గుళ్లు ఇంట్లోనే పోసుకునేవాళ్లు సీసాన్ని పాత పెనాల్లో కరిగించేవారు. గరాజ్‌లో పనిముట్ల మధ్య పెనం కనబడితే, లోపల బూడిదరంగు లోహపు మరకలుంటే, ఎంత చవకైనా వంటకు వద్దు. వంటింట్లో పొయ్యి పక్కన దొరికిన పెనం వేరు. దాని చుట్టూ ఉన్న గరిటెలు, నూనె జిడ్డు పట్టిన గోడే దానికి సాక్ష్యం.

అందుకే సేల్‌లో వస్తువు ఎంత ముఖ్యమో అది ఉన్న చోటూ అంత ముఖ్యం. తలుపు దగ్గర బల్లల మీద పరిచినవి అందరూ చూస్తారు. నేను వంటింట్లో పొయ్యికి దగ్గరగా ఉన్న సొరుగు తెరుస్తాను, తర్వాత బేస్‌మెంట్‌లో పనిబల్ల దగ్గరికి వెళ్తాను. ఆ రెండు చోట్లా ఇంటివాళ్ల చేతులు రోజూ తిరిగాయి. రంపం పిడి చెయ్యి పట్టే చోట నునుపెక్కి ఉంటే ఆ రంపం మంచిది. మంచిది కాకపోతే అంత పని చేసేవాళ్లు దాన్ని ఎప్పుడో మార్చేసి ఉండేవారు. పనిముట్టుకు ఇంతకన్నా నమ్మకమైన రివ్యూ ఎక్కడా దొరకదు.

మా రాష్ట్రంలో ఉండడం ఈ విషయంలో అదృష్టమనే చెప్పాలి. ఒకప్పుడు ఇంట్లో వాడే వస్తువులు చాలా ఇక్కడెక్కడో తయారయ్యేవి. ఇళ్లలో కనబడే పచ్చటి పాలగాజు కప్పులు, ఫైర్-కింగ్ అనే పేరుతో, లాంకాస్టర్ అనే ఊళ్లో ఆంకర్ హాకింగ్ కంపెనీ చేసినవి. కిచెన్ఎయిడ్ మిక్సర్ 1919లో ట్రాయ్ అనే ఊళ్లో పుట్టింది. హోబర్ట్ అనే కంపెనీది. 1986లో కిచెన్ఎయిడ్‌ను వర్ల్‌పూల్ కొనేసింది. హోబర్ట్ పేరున్న పాత మిక్సర్ బరువుగా ఉంటుంది, చప్పుడు చేస్తుంది. ప్లగ్గు ఎక్కడ పెట్టి చూడొచ్చో సేల్ నడిపేవాళ్లను అడిగి, ఖాళీగా రెండు నిమిషాలు తిప్పి చూసుకుని తెచ్చుకోవచ్చు. పిండి కలపడానికి నిక్షేపంలా పనికొస్తుంది. రంగు రంగుల పైరెక్స్ గిన్నెలు న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ కంపెనీవి. పైరెక్స్ 1915లో వచ్చింది. వాటి రంగు బయటి వైపే ఉంటుంది. రంగు వెలిసి మచ్చలు పడితే కలెక్టర్లు వదిలేస్తారు, కాబట్టి వండుకునేవాళ్లకు అవి చవక.

అన్నీ వాడుకునేవి కావు. ఫియెస్టా అని 1936 నుంచి వచ్చిన రంగుల ప్లేట్లున్నాయి. ఒహాయో నదికి అవతల వెస్ట్ వర్జీనియాలో చేశారు. అందులో ఎర్రరంగు పాతవాటి పూతలో యురేనియం ఉండేది. యుద్ధకాలంలో ప్రభుత్వం యురేనియాన్ని తన పనికి తీసుకోవడంతో ఆ రంగు ఆపేశారు, 1959లో మళ్లీ తెచ్చి 1972 దాకా చేశారు. చూడ్డానికి దివ్యంగా ఉంటుంది. గోడకు తగిలించుకోండి గానీ అందులో పులిహోర పెట్టుకోవద్దు. రంగు వేసిన పాత కుర్చీలు, పిల్లల మంచాల సంగతీ అంతే. ఇళ్లకు వేసే సీసపు రంగుల్ని ఈ దేశం 1978లో నిషేధించింది. పక్క కిందికి జారే పసిపిల్లల మంచాలు 2011లో అమ్మకానికి పనికిరాకుండా పోయాయి. పాప కోసం ఏదైనా కొంటున్నప్పుడు పాతదన్న ముచ్చటను పక్కన పెట్టాలి.

వెండి గురించి రెండు ముక్కలు చాలు. అడుగున 'స్టెర్లింగ్' అనో 925 అనో ఉంటే వెండి, లేకపోతే పూత అనుకోండి. జేబులో అయస్కాంతం పెట్టుకెళ్తారు కొందరు. అంటుకుంటే వెండి కాదు, అంతవరకే. అంటుకోకపోయినంత మాత్రాన వెండి అయిపోదు. ఇత్తడి, రాగి కూడా అంటుకోవు. కొవ్వొత్తి దీపపు స్తంభాలు బరువుగా ఉన్నాయని మురిసిపోకండి, చాలావాటి లోపల సిమెంటో మైనమో నింపి ఉంటారు.

సొరుగులున్న బల్ల కొంటే సొరుగు పూర్తిగా బయటికి లాగి మూల చూడాలి. పావురం తోక ఆకారంలో పళ్లు కోసి ఒకదాన్లో ఒకటి దిగేసి ఉంటే వడ్రంగి పని. ఆ పళ్లు ఒక్కొక్కటి ఒక్కో కొలతలో ఉంటే చేత్తో కోసినవి, అన్నీ ఒకే తీరుగా ఉంటే యంత్రానివి. రెండూ మంచివే. ఊరికే మేకులో జిగురో ఉంటే ఆలోచించుకోవాలి. ఈ ముదురు రంగు బరువైన ఫర్నిచర్ ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. ఓక్, వాల్‌నట్ గట్టి కర్రతో చేసిన సొరుగుల బల్ల, పెద్ద షాపులో పొట్టు నొక్కి చేసిన అట్టబల్ల కంటే తక్కువకు వస్తోంది. కొత్తగా కాపురం పెట్టే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. అప్పుచేసి సోఫా సెట్టు కొనకుండా ఆరు నెలలు ఓపిక పట్టి, శనివారాలు తిరగండి. కారు డిక్కీలో ఒక టేపు, పాత దుప్పటి, తాడు ఉంచుకోండి. ఇంట్లో ఆ వస్తువు పెట్టే చోటుకు, మెట్ల మలుపుకు, తలుపుకు ముందే కొలతలు తీసి కాగితం మీద రాసుకోండి. అది లేకుండా వెళ్తే కన్ను ప్రతిదాన్నీ మన ఇంట్లో ఊహించుకుని, ఎక్కడో ఒక చోట ఇరికించేస్తుంది.

ఏ రోజు వెళ్లాలి అన్నది మీకు వస్తువు కావాలా, ధర కావాలా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదటి రోజు చీటీ మీదున్న ధర. రెండో రోజు సాధారణంగా పావు వంతు తగ్గుతుంది, ఆఖరి రోజు సగం. కంపెనీని బట్టి ఇది మారుతుంది, వాళ్ల ప్రకటనలో రాసే ఉంటుంది. ప్రకటనలోని ఫోటోలు ముందురోజు రాత్రి తీరిగ్గా చూసుకుంటే సగం పని అయిపోతుంది. మొదటి రోజు తలుపులు తియ్యక ముందే నంబర్లు ఇస్తారు, లేదా ఒక కాగితం మీద పేర్లు రాసుకుంటారు. ఇరవై, ముప్ఫై మందిని ఒక విడతగా లోపలికి పంపుతారు. చీకటితోనే వచ్చి ముందు నంబర్లు పట్టేది వ్యాపారులు. వాళ్లు పరుగెత్తే గదివైపు మనం పరుగెత్తనక్కర్లేదు. వాళ్లు దాచినవాటి కోసం వెళ్తారు, నగలు, నాణేలు, పెట్టెలు విప్పని బొమ్మలు. వంటింట్లో మనకు చోటు బాగానే ఉంటుంది. ఫోన్‌లో ధర చూసుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఎవరో అడుగుతున్న ధర వేరు, నిజంగా అమ్ముడైన ధర వేరు. మొదటిదాన్ని చూసి కొంటే మోసం చేసేవాడు అక్కర్లేకుండానే మోసపోతాం.

బేరం విషయంలో మనవాళ్ల చాకచక్యం లోకప్రసిద్ధం, ఇక్కడ మాత్రం కాస్త తగ్గించుకోవాలి. మొదటి రోజు పొద్దున్నే సగానికి అడిగితే ఎవరూ మొహం చూడరు. నాలుగైదు వస్తువులు కలిపి తీసుకుని, అన్నిటికీ కలిపి ఎంతకిస్తారని అడిగితే తగ్గిస్తారు. చాలాచోట్ల మీ ధర, ఫోన్ నంబరు రాసిన చీటీ తీసుకుని ఉంచుకుంటారు కూడా, ఆఖరి రోజు దాకా అమ్ముడుకాకపోతే పిలుస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, వస్తువును తీసిపారేస్తూ బేరమాడకూడదు. "ఈ చెత్తకు ఇంతా?" అనేది కూరగాయల బండి దగ్గర చెల్లుతుందేమో. ఆ ఇంటి కూతురు మెట్ల దగ్గర నిలబడి ఉండొచ్చు. పుస్తకంలో మడతపెట్టిన ఉత్తరమో, కోటు జేబులో ఫోటోనో కనబడితే దాన్ని డబ్బు తీసుకునే బల్ల దగ్గర ఇచ్చెయ్యాలి. అది ధరలో కలిసి లేదు.

ఈ మధ్య ఈ బాణాలు మనవాళ్ల ఇళ్ల ముందు కూడా మొదలయ్యాయి. 1965లో ఇక్కడి వలస చట్టం మారాక వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్ల తరం ఎనభైల్లో ఉంది. పెద్ద ఇళ్లు అమ్మి చిన్న ఇళ్లకు, పిల్లల ఊళ్లకు మారుతున్నారు. అలాంటి ఒక ఇంట్లో వంటింటి గట్టు మీద 110 వోల్టుల సుమీత్ మిక్సీ, దాని పక్కన ఇడ్లీ రేకులు, నాలుగు సైజుల్లో స్టీలు డబ్బాలు చూశాను. డబ్బాల మీద తెలుగులో పేర్లు చెక్కి ఉన్నాయి. ఎవరి పెళ్లికి ఎవరు చదివించారో, ఏ సంవత్సరమో. సేల్ నడిపే అమ్మాయి అవి ఏవో అలంకారపు గీతలనుకుని 'చెక్కడపు పని' అని చీటీ మీద రాసి ఒక డాలరు ఎక్కువ వేసింది. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఆ డబ్బాల్ని ఒక్కొక్కటే తిప్పి చదువుతూ నిలబడ్డాను. మూతలు అన్నీ సొట్టలు పోయి ఉన్నాయి. పోపుడబ్బాలో పసుపు వాసన పోలేదు. ఆ ఇంట్లోనే పై గదిలో వెండి సామాను ఎర్ర గుడ్డలో చుట్టి, చుట్టింది చుట్టినట్టే ఉంది. దాన్ని పిల్లలు ముందే పక్కన పెట్టుకున్నారట. ఆ తల్లి రోజూ ముట్టుకున్నది ఏదో పిల్లలకు తెలియదని నేననను, ఎవరి ఇంట్లో చోటు ఎంతుందో వాళ్లకే తెలుస్తుంది. పోపుడబ్బా మాత్రం నేను తెచ్చుకున్నాను, మేం వాడుతున్నాం. దాని మీద పేరు మాది కాదు. వచ్చినవాళ్లు అడిగితే చెబుతాం.

మార్గరెటా మాగ్నుసన్ అనే స్వీడిష్ రచయిత్రి, పోయేలోపు మన సామాను మనమే సర్దిపెట్టి పోవాలని 2017లో ఒక చిన్న పుస్తకం రాసింది, ఇంగ్లిష్‌లోనూ బాగా అమ్ముడైంది. మంచి సలహాయే. నాకు మాత్రం అందులో కొంచెం ఎక్కువ శుభ్రత కనిపిస్తుంది. పోయే ముందు ఖాళీ చెయ్యడం కన్నా, ఉన్నన్నాళ్లూ అరగదియ్యడం నాకు నచ్చుతుంది. మా ఆవిడ ఆ మధ్య పైనుంచి వెండి కంచాలు దించింది. రోజూ తోమాలంటే కష్టమే. ఆదివారాలు తింటున్నాం. ఒకదానికి అప్పుడే గీత పడింది, పిల్లాడు ఫోర్కుతో గీశాడు. ఇంట్లో దాని మీద చిన్న గొడవ కూడా అయింది.

ఆఖరి రోజు మధ్యాహ్నం దాటాక సేల్‌లో ఇంకా మిగిలి ఉండేవి ఏ ఇంటికెళ్లినా దాదాపు ఒకటే. గాజు బీరువా, పింగాణీ, నవలల్ని కుదించి అచ్చేసిన 'కండెన్స్‌డ్' పుస్తకాల వరస, పియానో. కొన్ని విరాళపు దుకాణాలకు వెళ్తాయి, మిగతావి సోమవారం వచ్చే చెత్త కంటైనర్‌లోకి. పియానో ఎవరికీ అక్కర్లేదు, విరాళపు దుకాణాలు కూడా చాలాచోట్ల వద్దంటాయి. దాన్ని కదిలించడానికయ్యే ఖర్చు దాని ధరను మించిపోతుంది. సిన్సినాటిలో పుట్టిన బాల్డ్విన్ కంపెనీ పియానోలు మా వైపు ఇళ్లలో చాలా ఉన్నాయి. చాలావరకు ఊరికే ఇచ్చేస్తారు, తీసుకెళ్తే చాలంటారు. మీ ఇంట్లో నిజంగా వాయించేవాళ్లుంటే ఆ వేళకు రండి. మూత తెరిచి, ప్రతి మెట్టూ నొక్కి చూడండి. మధ్య మెట్లు కాస్త అరిగి ఉంటే ఎవరో వాయించారన్నమాట, మంచిదే. తీగలు బిగించే మేకులు తుప్పుపట్టి ఉంటే మాత్రం వదిలెయ్యండి. పొట్టి రకం కూడా సుమారు 130, 150 కిలోలుంటుంది, కాబట్టి ఒంట్లో సత్తువున్న నలుగుర్ని, కింద చక్రాలున్న పలకను వెంట తెచ్చుకోండి. ఏళ్ల తరబడి శ్రుతి చేయించని వాయిద్యం ఒక్కసారి శ్రుతి చేస్తే నిలవదు, రెండు మూడుసార్లు మనిషిని పిలవాలి. ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి.